పాత రేడియేటర్ 1200, కొత్తది 1000: పైపు జరపాలా, రేడియేటరే మార్చుకోవాలా?

మీరు రాసినదాని ప్రకారం ఇల్లు రెడింగ్‌లో 1930లలో కట్టిన సెమీ (పక్కింటితో ఒక గోడ పంచుకునేది). కింద వెనక గదిలో కిటికీ కింద ఉన్న సింగిల్ ప్యానెల్ రేడియేటర్ అడుగున తుప్పు పట్టి కారుతోంది. అది 1200 మి.మీ. పొడవు, 600 ఎత్తు. సేల్‌లో వచ్చిందని అదే ఎత్తులో 1000 మి.మీ. డబుల్ ప్యానెల్ తెచ్చారు. పైపులు రెండూ చెక్క నేలలోంచి పైకి వస్తున్నాయి, కొత్తది ఆనిస్తే మధ్యలో 200 తేడా పడింది. రెండు పక్కలా ఎక్స్‌టెన్షన్లు వేయొచ్చా, వాష్‌బేసిన్ కింద ఉండే స్టీల్ అల్లిక గొట్టం పెట్టొచ్చా, లేక పైపునే కాస్త లోపలికి వంచితే సరిపోతుందా అని అడిగారు. డిసెంబర్లో అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చేలోపు గది వెచ్చబడాలన్నారు.

నేను ఇంగ్లండ్‌లో చాలా ఏళ్లుగా హీటింగ్ పనే చేస్తున్నాను. మీరు చెప్పిన మూడింట్లో ఏదీ వద్దు. ముందు ఆ రేడియేటర్ వెనక్కి ఇచ్చే వీలుందేమో చూడండి. లేకపోతే ఒక్క పక్క పైపు మాత్రమే, అదీ నేల కింద జరపండి. రెండో పక్క ముట్టుకోవద్దు.

వెనక్కి ఇవ్వమని ఎందుకంటున్నానో చెబుతాను. మీరు కొన్నది టైప్ 22, అంటే రెండు ప్యానెళ్లు, మధ్యలో రెండు వరసల ఫిన్లు (వేడిని గాలిలోకి వదిలే ముడతల రేకులు). దుకాణాల్లో కే2 అంటారు. 600 × 1000 సైజులో అది సుమారు 1,700 వాట్లు ఇస్తుంది. మీ పాతది టైప్ 11 (ఒక ప్యానెల్, ఒక వరస ఫిన్లు) అయితే 1200 పొడవుకి 1,200 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. ఈ రెంటికీ మధ్య టైప్ 21 అని ఒకటుంది: రెండు ప్యానెళ్లు, ఒకే వరస ఫిన్లు. కొందరు పీ ప్లస్ అంటారు. అది 600 × 1200లో సుమారు 1,600 వాట్లు ఇస్తుంది. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది గానీ, మీరు కొన్నదానికీ దీనికీ ఉన్న తేడా గదిలో కూర్చుంటే తెలియదు. పొడవు మాత్రం పాతదాని పొడవే. నేల పలకలు ఎత్తనక్కర్లేదు. సేల్‌లో మిగిలిన ఇరవై ముప్పై పౌండ్ల కోసం ఒక రోజంతా మోకాళ్ల మీద పాకడం ఎందుకండీ?

కొనేటప్పుడు చాలామంది చూసేది పొడవు ఒక్కటే. చూడాల్సినవి మూడు. మొదటిది పైపు మధ్య నుంచి పైపు మధ్యకి దూరం. మామూలు యాంగిల్ వాల్వ్ (కింది పైపుని మలుపు తిప్పి రేడియేటర్‌కి కలిపేది) అయితే రేడియేటర్ చివర నుంచి పైపు మధ్యకి 40 నుంచి 50 మి.మీ. ఉంటుంది కాబట్టి, 1200 రేడియేటర్‌కి పైపులు 1280, 1300 మధ్య దూరంలో ఉంటాయి. రెండోది గోడ నుంచి పైపు మధ్యకి దూరం. సింగిల్ తీసి డబుల్ పెడితే ఇది కొన్ని సెంటీమీటర్లు మారిపోతుంది, ఎందుకంటే టైప్ 22 మందమే 100 మి.మీ. దాకా ఉంటుంది. చాలా రేడియేటర్ల బ్రాకెట్లను తిరగేసి బిగిస్తే గోడకి దగ్గరగానో దూరంగానో వస్తాయి, ముందు ఆ కొలతలు కాగితంలో చూసుకోండి. మూడోది నేల నుంచి ఎత్తు. ఇది పెద్ద ఇబ్బంది కాదు, బ్రాకెట్ ఎక్కడ బిగించాలన్నది మన చేతిలోనే ఉంటుంది. అడుగున 100 నుంచి 150 మి.మీ. ఖాళీ ఉంటే గాలి బాగా ఆడుతుంది.

ఇంకో సంగతి. పాత రేడియేటర్ నిజంగా 1200 ఉందో లేదో టేపు పెట్టి చూశారా? పాత ఇళ్లలో అంగుళాల కాలం నాటివి ఇంకా ఉన్నాయి. 48 అంగుళాలంటే 1219 మి.మీ. అప్పుడు కొత్త 1200 పెడితే 19 మి.మీ. తేడా వస్తుంది. ఎక్స్‌టెన్షన్ అనే చిన్న ఇత్తడి ముక్క ఉన్నది ఇలాంటి తేడాల కోసమే. ఒక పక్క వేస్తే సరిపోతుంది, పైకి కనపడదు కూడా. 200 తేడాని ఎక్స్‌టెన్షన్లతో పూడ్చాలంటే ఒక్కో పక్క 100 మి.మీ. ఇత్తడి బయటికి పొడుచుకొస్తుంది. వాక్యూమ్ క్లీనర్ ఒక్కసారి గట్టిగా తగిలితే బరువంతా ఆ దారం (బిగించే మర) మీదే పడుతుంది.

స్టీల్ అల్లిక గొట్టం సంగతి. బయట స్టీల్ ఉన్నా లోపల ఉండేది రబ్బరు. మామూలు కుళాయి గొట్టాల రబ్బరు గుండా గాలిలోని ఆక్సిజన్ మెల్లగా నీళ్లలోకి చేరుతుంది. హీటింగ్ నీళ్లు ఏళ్ల తరబడి అవే తిరుగుతుంటాయి, అందులోకి ఆక్సిజన్ వస్తే రేడియేటర్ ఉక్కు లోపలి నుంచి తుప్పు పడుతుంది. మీ పాత రేడియేటర్‌ని విప్పినప్పుడు నల్లటి బురద కారుతుంది చూడండి, అది ఆ తుప్పే. పైగా ఆ గొట్టాల లోపలి దారి సన్నం. ఇక పైపు వంచడం. నేలలోంచి 100, 150 మి.మీ. పైకి వచ్చిన 15 మి.మీ. రాగి పైపుని చేత్తో పక్కకి లాగితే ఒక సెంటీమీటర్ దాకా జరుగుతుంది, అంతే. ఇంకా లాగితే పైపు నొక్కుకుపోతుంది, లేదా నేల కింద మీకు కనపడని చోట జాయింట్ వదులవుతుంది. 1970, 80ల ఇళ్లలో ఉండే 8, 10 మి.మీ. మైక్రోబోర్ (సన్న రాగి పైపు) మెత్తగా వంగుతుంది, అది వేరే కథ.

సరే, వెనక్కి తీసుకోరు, పైపు జరపక తప్పదు అనుకుందాం.

ఏ పక్క జరపాలో నేల చెబుతుంది. కార్పెట్ మడిచి పైపు దగ్గర ఒక పలక ఎత్తండి. కింద జాయిస్టులు, అంటే పలకల్ని మోసే దూలాలు, సుమారు 400 మి.మీ.కి ఒకటి చొప్పున ఉంటాయి. పైపు ఒక జాయిస్ట్‌కి కాస్త ఇవతల పైకి వస్తోంది, 200 లోపలికి జరిపినా ఇంకా అదే ఖాళీలోనే ఉంటుంది అనుకోండి, పని సగం అయిపోయినట్టే. రెండు పక్కలా పలకలెత్తి చూసి, జాయిస్ట్ అడ్డురాని పక్కనే ఎంచుకోండి. ఒక పక్కే జరిపితే రేడియేటర్ కిటికీ మధ్య నుంచి 100 మి.మీ. పక్కకి పోతుంది. కర్టెన్ వేశాక ఎవరూ చూడరు. మధ్యలోనే ఉండాలని ఇంట్లో పట్టుబడితే రెండు పక్కలా 100 చొప్పున జరపాలి, అంటే పని రెట్టింపు.

జాయిస్ట్ అడ్డొస్తే రంపం తీయకండి. కోతకి ఇక్కడ లెక్కలున్నాయి. పైనుంచి కోసే గాడి లోతు జాయిస్ట్ ఎత్తులో ఎనిమిదో వంతు మించకూడదు. 200 మి.మీ. జాయిస్ట్ అయితే 25. గాడి ఎక్కడ పెట్టాలన్నదానికీ హద్దుంది: జాయిస్ట్ ఆనిన చోటి నుంచి దాని పొడవులో 0.07 వంతు, 0.25 వంతు మధ్యలోనే. మూడు మీటర్ల జాయిస్ట్ అయితే గోడ నుంచి 210 దాటాక, 750 లోపు. జాయిస్టులు కిటికీ గోడలో ఆని ఉంటే, మీ పైపు ఆ గోడ నుంచి 100 దూరంలోనే పైకి వస్తుంది కాబట్టి అక్కడికక్కడ గాడి కోయడం తప్పవుతుంది. పాతవాళ్లు అలాగే కోసి ఉండొచ్చు, ఆ గాడి ఉంటే అందులోంచే పోనివ్వండి, కొత్తది వద్దు. మీది కింది గది, చెక్క నేల కింద ఖాళీ జాగా ఉంటుంది. పైపుని జాయిస్ట్ అడుగు నుంచి దాటించి క్లిప్పు కొట్టేయండి. మేడ మీద గది అయితే కింద సీలింగ్ ఉంటుంది కాబట్టి ఈ సౌకర్యం దొరకదు.

పలక ఎత్తేటప్పుడు కరెంటు రంపం వాడితే, బ్లేడు పలక మందం మించి దిగకుండా పెట్టుకోండి. గాడుల్లో పైపులూ వైర్లూ పలకకి సరిగ్గా కిందనే ఉంటాయి. కోసే ముందు ఆ పైపు నిజంగా రేడియేటర్‌దేనా అని కంటితో వెంబడించి చూడండి. ఈ దేశంలో గ్యాస్ కూడా అదే రాగి పైపులో, అదే సైజులో, అదే నేల కింద పోతుంది. రెండూ పక్కపక్కన ఉంటే తేడా కనపడదు. అనుమానం ఉంటే హీటింగ్ వేసి ఏది వేడెక్కుతోందో పట్టుకుని చూడండి.

నీళ్లు దించే విషయంలో చాలామందికి తికమక ఉంది. రేడియేటర్ ఒక్కటే మారుస్తుంటే సిస్టమ్ అంతా ఖాళీ చేయనక్కర్లేదు, రెండు వాల్వులూ మూసి రేడియేటర్ నీళ్లు పట్టుకుంటే చాలు. టీఆర్‌వీ, అంటే అంకెలున్న మూత ఉండే వాల్వ్, దాన్ని సున్నాకి తిప్పి వదిలేయకూడదు. గది బాగా చల్లబడితే పైపులు గడ్డకట్టకుండా అది తనంతట తానే తెరుచుకుంటుంది. మూత తీసి దానితో వచ్చిన ప్లాస్టిక్ క్యాప్ బిగించాలి. మీరు వాల్వ్ కింద పైపు కోస్తున్నారు కాబట్టి ఈ తెలివి పనికిరాదు, సిస్టమ్ దించాల్సిందే. బాయిలర్ ఆపి, కరెంటు తీసేసి, నీళ్లు చల్లారనివ్వండి. కింది అంతస్తులో ఎక్కడో డ్రెయిన్ కాక్ (నీళ్లు వదిలే చిన్న కుళాయి) ఉంటుంది, దానికి గొట్టం పెట్టి బయటి డ్రెయిన్‌లోకి వదలండి. కొంత దిగాక మేడ మీద రేడియేటర్ల గాలి స్క్రూలు వదులు చేస్తే మిగతాది దిగుతుంది. కాంబీ (ట్యాంకు లేకుండా హీటింగూ వేడినీళ్లూ రెండూ ఇచ్చే బాయిలర్) కాకుండా అటకలో చిన్న ట్యాంకు ఉన్న పాత సిస్టమ్ అయితే, ముందు ఆ ట్యాంకు బాల్ వాల్వ్ కట్టేయాలి. లేకపోతే మీరు దించుతుంటే అది నింపుతూనే ఉంటుంది. పాత డ్రెయిన్ కాక్ విప్పితే వాషర్ గట్టిపడి స్పిండిల్ పక్క నుంచి కూడా కారడం మామూలే, కింద ట్రే పెట్టాకే విప్పండి. ఆ నల్ల నీళ్లు కార్పెట్ మీద పడితే మరక జన్మలో పోదు.

ఇప్పుడు వరస. చేత్తో పని నేర్చుకున్నవాళ్లు కూడా తడబడేది ఇక్కడే. పైపు కొలతలు లెక్కేసి ముందు పైపు కట్టి, తర్వాత రేడియేటర్ తగిలిస్తారు. 5 మి.మీ. తేడా వస్తే వాల్వ్‌ని బలవంతంగా లాగి బిగిస్తారు. తిరగేసి చేయండి. ముందు బ్రాకెట్లు కొట్టి, లెవెల్ చూసి, వాల్వులు బిగించిన రేడియేటర్‌ని గోడకి తగిలించండి. జరపని పక్క వాల్వ్ పాత పైపు మీద సూటిగా కూర్చోవాలి, రెండో పక్క వాల్వ్ గాల్లో వేలాడుతుంటుంది. దాని నోటి కింద నుంచి ఒక పైపు ముక్కని నిట్టనిలువుగా పలక మీదకి దించి గుర్తు పెట్టండి. రేడియేటర్ దించి, ఆ గుర్తు మీద 18 నుంచి 20 మి.మీ. కన్నం వేయండి. 15 పైపుకి 15 కన్నం వేస్తే వేడెక్కి సాగినప్పుడల్లా పలకకి రాసుకుని రాత్రంతా టిక్కు టిక్కు మంటుంది. పైన కనిపించే ఖాళీని కాలర్ అనే చిన్న రింగు కప్పేస్తుంది. రేడియేటర్ మళ్లీ తగిలించి, పైపుని వాల్వ్‌లోంచి కిందకి దించి, నేల కింద ఎక్కడ కలుస్తుందో అక్కడ కోయండి. ఇలా చేస్తే కొలత టేపు మీద ఆధారపడేది చాలా తక్కువ.

బ్రాకెట్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, టైప్ 22 ఆ సైజులో ఉత్తదే 30 కిలోలకి దగ్గరగా ఉంటుంది, నీళ్లు నిండాక ఇంకో ఐదారు. పాత సింగిల్ ప్యానెల్ కన్నాల్లోనే స్క్రూలు దూర్చేయకండి. ఇటుకలోకి దిగే పొడవాటి స్క్రూలు, సరైన ప్లగ్గులు వాడండి. తగిలించడానికి ఇంకో మనిషిని పిలుచుకోండి.

జాయింట్ ఏది వేయాలన్నది మీ చేతిని బట్టి. సోల్డరింగ్ బాగా వస్తే నేల కింద దానికి మించింది లేదు. కానీ ఎండిపోయిన తొంభై ఏళ్ల చెక్క మధ్య టార్చ్ వెలిగిస్తున్నారు, మంట తగలకుండా మ్యాట్ పెట్టి, పని అయ్యాక కనీసం ఒక గంట అక్కడే ఉండి చూడండి. కంప్రెషన్ జాయింట్ (నట్టు బిగించి కలిపేది) తేలిక. ఎప్పుడైనా మళ్లీ బిగించాల్సి రావచ్చు కాబట్టి, శాశ్వతంగా మూసేసే చోట మాత్రం వేయకూడదు. పుష్‌ఫిట్, అంటే పైపుని లోపలికి నెడితే పళ్లతో పట్టుకునే స్పీడ్‌ఫిట్ లాంటివి, మొదటిసారి చేసేవాళ్లకి భయం తక్కువ. షరతులు ఉన్నాయి: ప్లాస్టిక్ పైపు అయితే ఆక్సిజన్‌ని లోపలికి రానివ్వని బ్యారియర్ రకమే కొనాలి, లోపల ఇన్సర్ట్ పెట్టాలి, రాగి పైపు చివర గరుకు లేకుండా నునుపు చేయాలి, ఎంత లోపలికి వెళ్లాలో పెన్నుతో గీత పెట్టి ఆ గీత దాకా నెట్టాలి. క్రోమ్ పూత ఉన్న పైపు మీద పుష్‌ఫిట్ వేయకండి, పళ్లకి పట్టు దొరక్క జారిపోతుంది. నేల పైన కనిపించే ముక్క రాగిదే ఉంచండి, ప్లాస్టిక్ పైకి వస్తే వంకరగా, అసహ్యంగా ఉంటుంది.

మీ ఇంటి హీటింగ్ 1970కి ముందు వేసిందైతే పైపు అరంగుళం ఉండొచ్చు. 15 మి.మీ. కంప్రెషన్ దాని మీద పట్టుకుంటుంది, పుష్‌ఫిట్ మాత్రం నమ్మను. ముప్పావు అంగుళం పైపుని 22 మి.మీ. దానికి కలపాలంటే ప్రత్యేకమైన అడాప్టర్ కావాలి.

వాల్వ్ బిగింపులో ఒక్క మాట. రేడియేటర్‌లోకి వెళ్లే దారానికి పీటీఎఫ్‌ఈ టేపు (నీళ్లు కారకుండా చుట్టే తెల్లటి పల్చటి టేపు) పది పదిహేను చుట్లు, దారం తిరిగే వైపుగా చుట్టండి. పైపు నట్టు దారానికి టేపు వేయకండి, అక్కడ నీళ్లు ఆపేది ఆలివ్ అనే ఇత్తడి ఉంగరం. దాని మీద కొద్దిగా జాయింటింగ్ పేస్ట్ రాస్తే చాలు. జరపని పక్క పైపు మీద పాత ఆలివ్, పాత నట్టు ఉండిపోతాయి కదా, కొత్త వాల్వ్ దారం ఆ నట్టుకి సరిపోకపోవచ్చు. కంపెనీకో రకంగా ఉంటాయి. ఆలివ్ పుల్లర్‌తో పాతది లాగేసి కొత్తవి వేసుకోండి. బిగించేటప్పుడు రెండు స్పానర్లు వాడాలి, ఒకటి వాల్వ్‌ని కదలకుండా పట్టుకోవడానికి. చేతి బిగువు తర్వాత ఒకటింబావు తిప్పు చాలు. ఇంకా తిప్పితే ఆలివ్ నలిగి కారడం మొదలవుతుంది.

నింపే ముందే ఇన్హిబిటర్ (తుప్పు పట్టకుండా ఆపే మందు) పోయండి. ఫెర్నాక్స్ ఎఫ్1, సెంటినెల్ ఎక్స్100 ఇవి రెండూ ఇక్కడ అందరూ వాడేవి. రేడియేటర్ పై మూల ప్లగ్గు తీసి గరాటుతో పోసేస్తే సరి. పాత నీళ్లతో పాటు పాత మందూ పోయింది కాబట్టి ఇది మరిచిపోకూడదు. కాంబీ అయితే ఫిల్లింగ్ లూప్ (సిస్టమ్‌లోకి కుళాయి నీళ్లు నింపే గొట్టం) తెరిచి చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య పెట్టండి, కింది రేడియేటర్ల నుంచి మొదలుపెట్టి గాలి తీయండి, ప్రెషర్ పడితే మళ్లీ నింపండి. జాయింట్ల చుట్టూ పొడి టిష్యూ కాగితం చుట్టి ఉంచితే చుక్క పడినా తెలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చూడండి, బాగా వేడెక్కాక చూడండి, మళ్లీ చల్లారాక చూడండి. ఒకటి రెండు రోజులు పలక మూయకండి. మూసే ముందు నేల కింది పైపుకి నురగ తొడుగు వేయండి, ఆ ఖాళీలోకి గాలి ఆడటానికి గోడలో పెట్టిన కన్నాల ఇటుకల్లోంచి బయటి చలి సూటిగా వస్తుంది. పలకని మేకులతో కాకుండా స్క్రూలతో బిగించి, పైన ‘కింద పైపు ఉంది’ అని పెన్నుతో రాసిపెట్టండి.

అన్నీ అయ్యాక కొత్తది కాలిపోతూ పక్క గదిది గోరువెచ్చగా ఉంటే కంగారు పడకండి. నీళ్లు ఎక్కువగా ఇటే వస్తున్నాయన్నమాట. కొత్తదానికి టీఆర్‌వీ లేని పక్క ఉండే లాక్‌షీల్డ్ వాల్వ్‌ని (నీళ్ల రాకని సర్దేది) కొద్దికొద్దిగా మూస్తూ, మిగతావి వేడెక్కేదాకా సర్దండి. ఆ గదిలోనే గోడ థర్మోస్టాట్ ఉంటే మాత్రం అక్కడ టీఆర్‌వీ పెట్టకండి. రెండూ ఒకదానితో ఒకటి కొట్లాడుకుని ఇల్లంతా చల్లగానో వేడిగానో వదిలేస్తాయి.

పెద్ద రేడియేటర్ వల్ల ఒక లాభం ఉంది. కంపెనీలు చెప్పే వాట్లు నీళ్ల సగటు వేడి గది వేడి కంటే 50 డిగ్రీలు ఎక్కువ ఉన్నప్పటివి. నీళ్లు 55కి వెళ్లి 45కి తిరిగొచ్చేలా తగ్గిస్తే ఆ తేడా 30 అవుతుంది, అప్పుడు వచ్చేది దాదాపు సగమే. మీ 1,700 కాస్తా 870 అవుతుంది. పాతదైతే 600 దగ్గర ఆగిపోయేది. కండెన్సింగ్ బాయిలర్‌కి (పొగలోని వేడిని కూడా వాడుకునేది) తిరిగొచ్చే నీళ్లు ఎంత చల్లగా ఉంటే గ్యాస్ అంత ఆదా. మిగతా గదులు తట్టుకుంటే బాయిలర్ వేడి మెల్లగా దించి చూడండి.

గ్యాస్ సేఫ్ (గ్యాస్ పనికి ఇక్కడ ఉండాల్సిన రిజిస్ట్రేషన్) ఉన్నవాళ్లే చేయాలా అని చివర్లో అడిగారు. రేడియేటర్, నీళ్ల పైపులకి ఆ నిబంధన వర్తించదు. బాయిలర్ మూత విప్పడం, గ్యాస్ పైపు ముట్టుకోవడం మాత్రం వాళ్ల పనే. ముందు పలక ఎత్తి రెండు పక్కలా ఫోటోలు తీసి పంపండి, పైపు పక్కన టేపు పెట్టి తీయండి. జాయిస్ట్ ఎటు పోతోందో కనపడితే ఏ పక్క జరపాలో చెబుతాను.